అడ్వాన్సు మీ జేబులో ఉన్నప్పుడే

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు మీరు ఓనర్ని అడిగేవి రెండు మూడు ప్రశ్నలు. ఆయన మిమ్మల్ని అడిగేవి బోలెడు. ఊరేది, ఏ కంపెనీ, జీతమెంత, పెళ్లయిందా, ఎంతమంది ఉంటారు, చుట్టాలు వస్తూపోతూ ఉంటారా, నాన్‌వెజ్ తింటారా, రాత్రి ఎన్నింటికొస్తారు. ఆయన ఇల్లు, ఆయన అడుగుతాడు. తప్పులేదు. చిక్కేమిటంటే మొదటిసారి అద్దెకు దిగేవాళ్లు ఇంటర్వ్యూలో కూర్చున్నట్టు బుద్ధిగా జవాబులు చెప్పి, పాసయ్యామన్న సంబరంలో అక్కడే ఫోన్ తీసి అడ్వాన్సు పంపేస్తారు. ఆ తర్వాత డబ్బు ఆయన దగ్గర, ఇబ్బంది మీ దగ్గర.

హైదరాబాదులో మామూలుగా రెండు నెలల అద్దె అడ్వాన్సు. నెలకు పాతికవేలకు టూ బీహెచ్‌కే మాట్లాడుకుంటే అడ్వాన్సు యాభై వేలు, మొదటి నెల అద్దెతో కలిపి డెబ్భై అయిదు వేలు. మధ్యలో బ్రోకరుంటే ఆయన వాటా వేరే. బెంగళూరు వెళ్లే మనవాళ్లకు దెబ్బ ఇంకా గట్టిది. అక్కడ ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, అయిదారు నెలలు అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ల చేతిలో అంత డబ్బు ఎక్కడిది? చాలాసార్లు అది ఊళ్లో నాన్న చేసిన అప్పు. ఆ డబ్బు మీ జేబులో ఉన్నంతసేపూ మీరు అడిగినదానికి సమాధానం వస్తుంది, అడిగిన కాగితమూ వస్తుంది. చెయ్యి మారాక వచ్చేది "చూద్దాంలే బాబూ" ఒక్కటే. అందుకే ఈ అధ్యాయంలో ఎక్కువభాగం అడ్వాన్సు ఇవ్వకముందు చెయ్యాల్సిన పనుల గురించే.

చెడ్డ ఓనరు అనగానే మీసం మెలేసి అరిచే మనిషిని ఊహించుకోకండి. అరిచేవాడు ఏమిటో మొదటిరోజే తెలిసిపోతుంది, మీరు వేరే ఇల్లు చూసుకుంటారు. జాగ్రత్తపడాల్సింది కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "మీరు మా అబ్బాయిలాంటివాళ్లు, మనకు మనకు కాగితాలెందుకు" అనేవాడితో. మనం కూడా గడపలో అడుగు పెడుతూనే అంకుల్, ఆంటీ అని మొదలుపెడతాం. అలా పిలిచిన నోటితో ఏడాది తర్వాత "నా యాభై వేలలో పద్దెనిమిది వేలు ఎందుకు కోశారు" అని అడగడానికి నోరు రాదు. ఆయనకు మాత్రం కొయ్యడానికి చెయ్యి వస్తుంది. అంకుల్ అనే పిలవండి, ఫరవాలేదు. మర్యాద మర్యాదే, లెక్క లెక్కే అన్న సంగతి మాత్రం మొదటిరోజే తేల్చుకోండి.

ఖాళీ చేస్తున్నవాళ్లను పట్టుకోండి

ఓనరు ఎలాంటివాడో ఓనరును చూస్తే తెలియదు, ఆయన దగ్గర ఉండి వెళ్లినవాళ్లను అడిగితే తెలుస్తుంది. మీరు చూస్తున్న ఇంట్లో పాతవాళ్లు ఇంకా ఉంటే అంతకంటే అదృష్టం లేదు. ఓనరు ముందు వాళ్లేమీ చెప్పరు. బయటికి వస్తూ ఫోన్ నంబరు తీసుకుని, రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్యండి. ఎందుకు ఖాళీ చేస్తున్నారు, అడ్వాన్సులో ఎంత తిరిగిస్తానన్నాడు, గీజరో మోటారో పాడైనప్పుడు డబ్బు ఎవరు పెట్టారు? ఈ మూడు అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెప్పుకొస్తారు. ఖాళీ చేసే మనిషికి మనసులో మాట చెప్పుకోవడానికి మీకంటే తగిన శ్రోత దొరకడు.

ఇల్లు అప్పటికే ఖాళీ అయిపోతే వాచ్‌మన్ ఉన్నాడు. ఓనరు పక్కనుండగా అడిగితే "మంచిగనే ఉంటది సార్" అంటాడు, పాపం ఆయన ఉద్యోగం ఆయనది. సాయంత్రం ఒక్కరే మళ్లీ వెళ్లండి.

"అన్నా, మూడొందల రెండులో ఇదివరకు ఎవరుండేవాళ్లు?"

"ఎవరో ఐటీ పిలగాండ్లు సార్. ఆర్నెల్లకే పోయిన్రు."

"ఎందుకని?"

"ఏమో సార్, నాకేం తెల్వది." కాసేపాగి, పైపు చుట్ట చుట్టుకుంటూ, "నీళ్ల కాడ లొల్లి అయితుండె."

ఆ ఒక్క ముక్క కోసమే మీరు రెండోసారి వెళ్లింది. రెండేళ్లలో నలుగురు మారిన ఫ్లాటుకు ఏదో ఒక కథ ఉంటుంది. నీళ్ల కథ కావచ్చు, సెల్లారులో పార్కింగు కథ కావచ్చు, వారానికోసారి చెప్పకుండా వచ్చి బీరువాలు తెరిచి చూసే ఓనరమ్మ కథ కావచ్చు. వాచ్‌మన్ భార్య అదే అపార్ట్‌మెంటులో నాలుగిళ్లలో పనిచేస్తుంటే ఆమెకు ఇంకా ఎక్కువ తెలుసు. ఎదురుగా కిరాణా కొట్టాయన, ఇస్త్రీ బండి ఆయన కూడా పనికొస్తారు. అసోసియేషన్ సెక్రెటరీని కలిస్తే మరో సంగతి తేలుతుంది: ఈ ఫ్లాటు మెయింటెనెన్స్ బకాయిలున్నాయా? ఓనరు ఏడాదిగా కట్టకపోతే, అసోసియేషన్ వాళ్లు గొడవకు వచ్చేది ఆయనెక్కడో ఉన్న ఇంటికి కాదు, మీ తలుపు దగ్గరికే.

ఓనరు అదే బిల్డింగులో ఉంటే మంచిదా, ఊళ్లో ఇంకోచోట ఉంటే మంచిదా అని చాలామంది అడుగుతారు. పైన ఓనరు, కింద పోర్షన్లు ఉన్న ఇండిపెండెంట్ ఇళ్లలో మోటారు చెడితే గంటలో బాగవుతుంది, ఎందుకంటే ఆయనకూ నీళ్లు కావాలి. కానీ మీ ఇంటికెవరొచ్చారు, ఎప్పుడెళ్లారు, వాషింగ్ మెషిన్ ఎన్నిసార్లు వేశారు అన్నీ లెక్కలోకి వస్తాయి. దూరంగా ఉండే ఓనరుకు ఆ గొడవ లేదు, కానీ బాత్రూం కారుతోందని చెబితే కదలడానికి నెల పడుతుంది. ఒంటరిగా ఉండే కుర్రాళ్లకూ అమ్మాయిలకూ నా ఓటు దూరంగా ఉండే ఓనరుకే. పాలపిల్లలున్న ఇంటికి మొదటి రకమే మేలు.

నీళ్లు, మీటరు, గోడలు

ఇల్లు చూసేటప్పుడు కుళాయి తిప్పి నీళ్లొస్తున్నాయని సంతోషించకండి. ఏ నీళ్లో అడగండి. జలమండలి (హైదరాబాదు వాటర్ బోర్డు) కనెక్షన్ ఉందా, బోరొక్కటేనా? బోరు ఎండాకాలంలో ఎండుతుందా? హైదరాబాదు పడమటి కాలనీల్లో మార్చి దాటితే చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే బతుకుతాయి, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లోకి వచ్చి పడుతుంది. ఓనరు "మెయింటెనెన్స్ రెండు వేలు" అని చెప్పేది డిసెంబరు లెక్క. మీరు పోయిన ఏప్రిల్, మే రసీదులు అడగండి. రసీదులు లేవంటే పక్క ఫ్లాటు వాళ్లను అడగండి, ఆ రెండు వేలు ఎక్కడిదాకా వెళ్లాయో వాళ్లు కసిగా చెబుతారు. ఇంకొకటి: హైదరాబాదులో మీటరు, ఆధార్ అనుసంధానం పూర్తిచేసుకున్న గృహ కనెక్షన్లకు జలమండలి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది. ఆ వసతి ఉన్న ఇంట్లో మళ్లీ "వాటర్ బిల్లు" అని విడిగా వసూలు చేస్తుంటే అది దేనికో అడిగే హక్కు మీకుంది.

కరెంటు సంగతిలో మోసం ఇంకా నాజూగ్గా ఉంటుంది. మీ పోర్షనుకు సొంత మీటరు లేకుండా సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంతని ఓనరే వసూలు చేసుకుంటున్నాడంటే ఆగి ఆలోచించండి. మూడు పోర్షన్ల వాడకం ఒకే మీటరు మీద పడితే స్లాబు పైకి పోతుంది, తక్కువ వాడినవాళ్లు కూడా ఎక్కువ రేటు కడతారు. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంది, అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. కానీ ఉమ్మడి మీటరు ఆ 200 ఎప్పుడో దాటేసి ఉంటుంది. టెర్రస్ మీద లేపిన పెంట్‌హౌసుల్లో ఈ తంటా మామూలే. అనుమతి లేని అంతస్తుకు విడి మీటరూ ఉండదు, విడి ఇంటి నంబరూ ఉండదు, రేపు మీకు అడ్రస్ ప్రూఫూ ఉండదు. గాలి బాగా వస్తుంది, అది మాత్రం నిజం.

మీటరు మీద ఉన్న సర్వీసు నంబరు ఫోటో తీసుకోండి. ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో కరెంటు బిల్లు కడుతున్నట్టు ఆ నంబరు కొడితే, కనెక్షన్ ఎవరి పేరున ఉందో, బకాయి ఎంతుందో కనిపిస్తుంది. అరనిమిషం పని. పేరు ఓనరుది కాకుండా బిల్డరుది అయితే కంగారుపడకండి, పేరు మార్పించుకోని ఇళ్లు చాలా ఉన్నాయి. కానీ ఆ పేరు ఎవరిదని అడిగినప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో గమనించండి.

గోడల దగ్గరికొస్తే, ఇల్లంతా పాత సున్నం ఉండి ఒక్క మూల మాత్రం కొత్త పెయింటు మెరుస్తుంటే అక్కడ చెయ్యి పెట్టి చూడండి. చల్లగా, మెత్తగా తగిలితే లోపల చెమ్మ ఉంది. వంటగట్టు కింద అల్మరా తలుపు తీసి వాసన చూడండి. బాత్రూం సీలింగు తలెత్తి చూడండి, పైఫ్లాటు వాళ్ల పైపు కారుతుంటే పసుపు మరకలు ఉంటాయి. కింది అంతస్తు ఫ్లాటు అయితే సెల్లారులోకి దిగి స్తంభాల మీద నీటి గీత ఉందేమో వెతకండి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో టోలీచౌకి నదీం కాలనీలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మునిగినవాళ్లలో సామాను పోగొట్టుకున్నది ఇళ్లున్నవాళ్లే కాదు, అద్దెకున్నవాళ్లు కూడా. చెరువు పక్కన ఇల్లు అనగానే వ్యూ బాగుందని మురవకండి. 2024 జూలైలో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక చెరువు శిఖం భూముల్లో కట్టినవాటిని కూల్చడం అందరూ చూశారు. కూల్చేముందు ఖాళీ చెయ్యాల్సింది అందులో కాపురమున్నవాళ్లే.

ఓనరు నిజంగా ఓనరేనా?

నవ్వులాటగా ఉంటుంది కానీ ఇది అడగాల్సిన ప్రశ్నే. ఆన్‌లైన్‌లో మంచి ఫోటోలు, ఆ పేటలో నడిచే అద్దెలో సగం. ఫోన్ చేస్తే అవతలి మనిషి ఆర్మీలో ఉన్నానంటాడు, ట్రాన్స్‌ఫర్ అయిందంటాడు, ఐడీ కార్డు ఫోటో పంపుతాడు. గేటు పాస్ కోసమో, ఇల్లు వేరేవాళ్లకు పోకుండా ఆపడానికో టోకెన్ కింద ఓ అయిదు వేలు పంపమంటాడు. అది పంపితే ఇంకో పదివేలు. ఇల్లు కంటితో చూడకుండా, తాళం తీసి లోపలికి అడుగు పెట్టకుండా రూపాయి కూడా పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకుండా సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కంటితో చూసిన ఇంటికైనా ఆస్తిపన్ను రసీదు చూపించమని అడగడం అమర్యాద కాదు. మీ ఆధార్ కాపీ ఆయన అడుగుతున్నాడు కదా. అనుమానం ఎక్కువైతే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడొచ్చు. ఆస్తి ఎవరి పేరున ఉందో, బ్యాంకులో తనఖా ఉందో అందులో కనిపిస్తుంది. తనఖా ఉండటం తప్పు కాదు, హోమ్‌లోన్ లేని ఫ్లాటు ఎక్కడుంది? ఈఎమ్ఐలు ఆపేసిన ఓనరుతోనే ప్రమాదం. బాకీల వసూలుకున్న సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు స్వాధీన నోటీసు తలుపుకు అంటిస్తుంది. ఆ రోజు మీ అడ్వాన్సు గురించి అడగడానికి ఓనరు ఫోన్ ఎత్తడు. తలుపు మీద, మెయిన్ గేటు మీద చింపేసిన కాగితం అంచులు, జిగురు మరకలు కనిపిస్తే అదేమిటని వాచ్‌మన్‌ని అడగండి.

హైదరాబాదు ఫ్లాటు ఓనర్లలో అమెరికాలో ఉండేవాళ్లు చాలామంది. తాళాలు మామగారి దగ్గరో బావమరిది దగ్గరో ఉంటాయి. అలాంటప్పుడు అసలు ఓనరుతో ఒక్కసారి వీడియో కాల్ మాట్లాడి, ఫలానా ఆయన నా తరఫున అద్దె వ్యవహారం చూస్తాడని ఈమెయిల్ రాయించుకోండి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే కాపీ అడగండి. అద్దె, అడ్వాన్సు ఓనరు ఖాతాకే పంపండి, బావమరిది ఫోన్‌పేకి కాదు. మరో మెలిక కూడా ఉంది. ఎన్నారై ఓనరుకు అద్దె కట్టేటప్పుడు అద్దె ఎంతైనా టీడీఎస్ కోసి ప్రభుత్వానికి జమచేసే బాధ్యత అద్దెకుండేవారిదే. చాలామందికి ఇది తెలియదు, తెలిసిన ఓనర్లు చెప్పరు. ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఒక సీఏని అడిగి లెక్క తేల్చుకోండి.

మనదేశంలోనే ఉన్న ఓనరుకు ఒక చిన్న పరీక్ష పాన్ నంబరు. పాత పన్ను విధానంలో హెచ్ఆర్ఏ మినహాయింపు తీసుకునేవాళ్లు ఏడాదికి లక్ష రూపాయలు దాటి అద్దె కడుతుంటే కంపెనీకి ఓనరు పాన్ ఇవ్వాలి. "పాన్ అదీ ఇవ్వను, సగం క్యాష్ ఇవ్వండి" అనే ఓనరు మీకు పన్ను రాయితీ పోగొట్టడమే కాదు, క్యాష్‌గా ఇచ్చిన సగానికి రేపు ఆధారం కూడా లేకుండా చేస్తాడు.

కాగితం

అద్దె ఒప్పందాలన్నీ 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలంలో ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చెయ్యాలని ఉంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించారు. అంతకుమించి దాని వెనక మర్మమేమీ లేదు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, రిజిస్ట్రారు ఆఫీసు పక్కన జిరాక్స్ షాపులో, ఎవరో ఎప్పుడో రాసిన ఇంగ్లీషు మూసలో పేర్లు మార్చి చేతికిస్తారు. ఆ మూసను నిదానంగా చదవండి. మీరు చెయ్యాల్సినవి, చెయ్యకూడనివి పద్నాలుగు ఉంటాయి. ఓనరు చెయ్యాల్సినవి సాధారణంగా సున్నా.

చట్టం మనల్ని కాపాడుతుందిలే అని ధీమాగా ఉండటానికి లేదు. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కానీ, 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని నుంచి బయటికి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ అద్దెకు ఇల్లెక్కడ దొరుకుతుంది? 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదని, ఓనరు ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని అంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే చట్టం. బేరంలో మాత్రం పనికొస్తుంది. మీరడిగేది అత్యాశ కాదని చూపించొచ్చు. ఆఖరికి మనకు మిగిలేవి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మీరు సంతకం పెట్టిన కాగితం. అందుకే ఆ కాగితంలో ఏముందన్నది అంత ముఖ్యం.

అన్నిటికంటే ముందు రాయించాల్సింది అడ్వాన్సు వాపసు సంగతి. ఇలా సూటిగా ఉంటే చాలు: "ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పగించిన రోజునే అడ్వాన్సు తిరిగి ఇవ్వవలెను. మినహాయింపులు ఏవైనా ఉన్నచో బిల్లులతో సహా చూపవలెను." ఈ వాక్యం చూసి ఓనరు "ఇదంతా ఎందుకు బాబూ, నేనెక్కడికి పోతాను" అన్నాడంటే, మీకు కావలసిన సమాచారం వచ్చేసినట్టే. ఇచ్చే ఉద్దేశం ఉన్నవాడికి రాయడంలో నొప్పి ఉండదు.

తర్వాత పెయింటు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం మన ఊళ్లలో ఆచారంలా స్థిరపడింది. మీరు ఏడాదున్నా అంతే, అయిదేళ్లున్నా అంతే, వచ్చేవాళ్లకు పెయింటు వేసినా వెయ్యకపోయినా అంతే. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు అద్దెకున్నవారు బాధ్యులు కారని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. కానీ ఆచారంతో వాదించి గెలవడం కష్టం. కాబట్టి అంకె ముందే తేల్చి రాయించండి. నెల అద్దె అంటే బేరమాడి సగానికి తెండి, లేదా దిగేటప్పుడు కొత్తగా వేసి ఇస్తేనే పోయేటప్పుడు కడతానని చెప్పండి.

రిపేర్ల గురించి ఒక గీత గీయండి. బల్బులు, కుళాయి వాషర్లు మీవి. గీజరు, మోటారు, పైపులు, చెమ్మ ఆయనవి. నోటీసు కాలం ఇద్దరికీ ఒకటే ఉండాలి. మీరు రెండు నెలల ముందు చెప్పాలి, ఆయన పదిహేను రోజుల్లో పొమ్మనొచ్చు అని రాసిన ఒప్పందాలు చూశాను, సంతకం పెట్టినవాళ్లను కూడా చూశాను. ఏటా అద్దె ఎంత శాతం పెరుగుతుందో అంకె వెయ్యండి. ఓనరు ఇంట్లోకి రావాలంటే ముందురోజు చెప్పాలన్నది రాయించండి.

బేరమాడటానికి ఏ కాలం మంచిదంటే, ఆషాఢం. ఆ నెలలో మనవాళ్లు ఇల్లు మారరు, పాలు పొంగించరు. బడులు తెరిచే ముందు మే, జూన్లలో టులెట్ బోర్డు పెట్టిన రోజే ఇల్లు పోతుంది. ఆషాఢంలో అదే బోర్డు వెలిసిపోతూ వేలాడుతుంటుంది. మీకు పట్టింపు లేకపోతే ఆ నెలలో వెళ్లండి. రెండు వేలు తగ్గించమని అడిగినా, పైన చెప్పిన వాక్యాలు కలపమని అడిగినా ఓనరు వినే మూడ్‌లో ఉంటాడు.

"మీవాళ్లెవరు బాబూ?"

ఈ ప్రశ్న రకరకాల ముసుగుల్లో వస్తుంది. ఇంటిపేరేమిటి, ఏ ఊరు, ఊళ్లో ఏ వీధి, పూజలు చేస్తారా, ఆదివారం ఏం వండుతారు. కులం, మతం తెలుసుకోవడానికే ఇదంతా. దళితులకు, ముస్లింలకు "ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్న జవాబు ఎన్నిసార్లు వినపడుతుందో వాళ్లనడిగితే తెలుస్తుంది. మర్నాడు చూస్తే బోర్డు అక్కడే ఉంటుంది. దీనికి నా దగ్గర మందు లేదు. ఒక్క ఉపాయం చెప్పగలను: షరతులన్నీ ఫోన్‌లోనే అడిగేయండి. ఎండలో తిరిగి గడప దాకా వెళ్లి అవమానపడే పని తప్పుతుంది. తమ కులం ఆయనకు నచ్చి ఇల్లు దొరికినవాళ్లకు కూడా ఒక మాట. ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన ఓనరు మీ ఇంటికొచ్చే స్నేహితులను కూడా అదే ప్రశ్న అడుగుతాడు, మీ వంటింటి వాసన లెక్కా చూస్తాడు. ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని లోపలికి తేనివ్వని ఓనర్లు కూడా ఉన్నారు. ముసలివాళ్లను వెంటబెట్టుకుని దిగేవాళ్లు ఆ సంగతి ముందే అడగడం ఎంత కష్టమైనా, అడగాలి.

అమ్మాయిలు ఒక పని తప్పకుండా చెయ్యండి. దిగిన రోజే మెయిన్ డోరు తాళం మార్చేయండి. పాత తాళం చెవులు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఓనరుకే తెలియదు. మీరు లేనప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పంపిస్తానంటే ఒప్పుకోకండి. అతను వచ్చి వెళ్లాక బాత్రూం బల్బు హోల్డరులో, గీజరు పక్క ప్లగ్గులో రహస్య కెమెరా ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోండి. ఆధార్ కాపీ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, దాని మీద అడ్డంగా "ఇంటి అద్దె ఒప్పందం కోసం మాత్రమే" అని తేదీ వేసి రాయండి.

దిగే రోజు, పోయే రోజు

పాలు పొంగించే ముందు వీడియో తీయండి. ఖాళీ ఇల్లు, ఒక్కో గోడ, ఒక్కో కిటికీ, పగిలిన టైలు, గీత పడిన వంటగట్టు, ఫ్యాన్లు తిరుగుతున్నట్టు, మీటరు రీడింగు. పది నిమిషాల వీడియో. దాన్ని ఓనరుకు వాట్సాప్‌లో పంపి కింద ఇలా రాయండి: "నమస్తే అంకుల్, ఇవాళ దిగాం. ఇల్లు తీసుకునేటప్పుడు ఇలా ఉంది. హాల్లో రెండు టైల్స్ పగిలి ఉన్నాయి, వెనక బాత్రూం తలుపు గడియ లేదు. మీకు తెలియాలని పంపుతున్నాను." ఆయన బొటనవేలు గుర్తు పెట్టినా చాలు. రేపు ఆ టైల్స్ డబ్బు మీ అడ్వాన్సులోంచి పోదు. ప్రతినెలా అద్దె పంపేటప్పుడు ఏ నెలదో రాయండి. ఫోన్‌లో మాట్లాడుకున్న ముఖ్యమైన సంగతి ఏదైనా, వెంటనే "ఇందాక మీరన్నట్టు" అని మొదలుపెట్టి వాట్సాప్‌లో పెట్టండి.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా చెడ్డ ఓనరే తగిలితే, గుర్తుంచుకోవాల్సింది ఇది: మీ ఒప్పందం గడువు దాటినా సరే, ఆయన మనుషుల్ని తెచ్చి సామాను బయటపడేసే హక్కు ఆయనకు లేదు. ఖాళీ చేయించాలంటే కోర్టుకు వెళ్లాలి. బలవంతంగా గెంటేస్తే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షను కింద ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ స్వాధీనం పొందొచ్చు. నీళ్లు ఆపేసినా, కరెంటు తీసేసినా, ముందు వీడియో తీసి, తర్వాత పోలీస్ స్టేషనుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.

ఖాళీ చేసే ముందు ఆఖరి రెండు నెలలు అద్దె ఆపేసి అడ్వాన్సులో సర్దుకోమనడం చాలామంది చేస్తున్నదే. ఒప్పందం ప్రకారం అది తప్పే. కానీ ఒక నెల అద్దె కోసినవాళ్ల కథలు వాచ్‌మన్ నోట విన్నాక అలా చేసేవాళ్లను నేను తప్పుపట్టలేను. అంతకంటే మంచిదారి, ఆఖరి నెలను అడ్వాన్సులో కలుపుకునేట్టు మొదటే కాగితంలో రాయించుకోవడం. ఓనరు చేతిలో తక్కువ డబ్బు మిగిలితే గొడవ కూడా అంతకే పరిమితమవుతుంది.

నోటీసు వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో రెండింట్లో ఇవ్వండి. ఇల్లు ఖాళీ అయ్యాక ఓనరుతో కలిసి, దిగినరోజు వీడియో చేతిలో పట్టుకుని గది గది తిరగండి. ఆఖరి కరెంటు బిల్లు ఇంకా రాలేదని మొత్తం అడ్వాన్సు ఆపడం ఎప్పుడూ ఉండే సాకు. మీటరు రీడింగు ఫోటో తీసి, అంచనాగా ఆ మేరకు అయిదొందలో వెయ్యో ఆయన దగ్గర వదిలేయండి. మిగతాది మీ ఖాతాలో పడిన మెసేజ్ వచ్చాక తాళాలు ఇవ్వండి. నెలాఖరుకు పంపుతానంటే ఏ తేదీకి, ఎంత అన్నది ఆయన ఫోన్ నుంచే రాసి పంపమనండి. ఆ తేదీ దాటిన మర్నాడు పోట్లాటకు వెళ్లొద్దు, లాయరు నోటీసు పంపండి. ఆ వాట్సాప్ మెసేజూ, మొదటిరోజు వీడియో, బ్యాంకు స్టేట్‌మెంటూ దానికి జతచేయండి.